ఐదో నంబరు సీటు

మేడ మీది గది,
జూన్ 3

చిరంజీవి పిచ్చుకకు అత్త ఆశీస్సులు.

ఇక్కడ నేను, నా మొక్కల తొట్లు, నువ్వు పాత సామాను ఏరి బిగించి ఇచ్చిన కంప్యూటరు, ముగ్గురం క్షేమం. నాలుగోది ఒకటుంది. దాని క్షేమం సంగతే ఈ ఉత్తరం.

నువ్వు కొండ ఎక్కబోయే ముందు నా చేతిలో బొటనవేలంత ముక్క ఒకటి పెట్టి, ఇది గాల్లోంచి ఇంటర్నెట్టు పట్టుకొస్తుందత్తా అన్నావు. ఏమీ పట్టుకురావడం లేదు. వైఫై గుర్తు నొక్కితే "పరికరం ఏదీ లేదు" అంటోంది కంప్యూటరు. కింద వాటా పళ్ళడాక్టరుగారు తన వైఫై పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చారు. తీగ లాక్కుంటానంటే మాత్రం గోడకు కన్నం పెట్టనివ్వనన్నారు. రోజంతా జనం పళ్ళకు కన్నాలు పెట్టే మనిషికి గోడ మీద ఇంత జాలేమిటో నాకు అర్థం కాలేదు.

వీధి చివరి కంప్యూటరు షాపతను ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "లైనక్సా? మేడమ్, అది పీకేసి అందరూ వాడేది వేయించుకోండి" అన్నాడు. నా మేనకోడలు బిగించింది పీకేది లేదన్నాను.

తొందర ఎందుకో చెబుతాను. మందుల సలహా కేంద్రం అని ఒకటుంది. ఎవరైనా వేసుకోకూడని మాత్ర వేసుకున్నా, పిల్లలు ఏదైనా మింగినా అక్కడికి మెసేజి రాస్తారు. ఆపరేటరు రెండు మూడు ప్రశ్నలు అడిగి తగిన డాక్టరుకు కలపాలి. అంతా రాతలోనే, ఇంట్లో కూర్చునే చేయవచ్చు. పెద్దాసుపత్రి టెలిఫోను బోర్డు మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు ఐదో నంబరు సీటులో కూర్చున్నానని దరఖాస్తులో రాశాను. నాకు అరవై మూడేళ్ళని కూడా రాశాను. టైపింగు చూసి సరే అన్నారు. జూలై పదిహేను ఉదయం పది గంటలకు ఇక్కడినుంచే, నా కంప్యూటరు మీదే గంటసేపు పరీక్ష. ఆ వేళకు నేను లైన్లో కనబడకపోతే సీటు తరవాతి పేరుకు వెళ్ళిపోతుంది.

ఆ బోర్డు తీసేసి ఎనిమిదేళ్ళయింది. మళ్ళీ ఒక బోర్డు ముందు కూర్చోవాలని ఉందే. ఏం చేయాలో రాసి పంపు.

నీ అత్త


కొండ మీది వాతావరణ కేంద్రం,
జూన్ 10

అత్తా,

ఉద్యోగమా! ఈ వయసులో నువ్వు దరఖాస్తు పెట్టావంటే మొదట నవ్వొచ్చింది, తరవాత గర్వమొచ్చింది. ఉన్నదున్నట్టే చెబుతున్నాను, కోప్పడకు.

నీ సమస్య పది నిమిషాల పని. తెర మీద ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి, ఎల్, ఎస్, యు, ఎస్, బి అని ఐదు చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కు. కంప్యూటరుకు తగిలించినవన్నీ వరసగా చూపిస్తుంది. హాజరుపట్టీ లాంటిది. అందులో ముక్క పేరుంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. ఏ వరసలో ఏమున్నా అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు.

అయినా ఉత్తరాలతో ఈ పని తెమిలేనా? ఇక్కడ సిగ్నలు లేదు. జీపు వారానికి ఒక్కసారి వచ్చి టపా తీసుకెళుతుంది. కానీ ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా మేము కింది ఆఫీసుకు దిగుతాం, అక్కడ ఫోనుంది. నంబరు ఈ కాగితం వెనక రాశాను. నువ్వు కంప్యూటరు ముందు కూర్చుని చెయ్యి, నేను ఇక్కడినుంచి చెబుతూ ఉంటాను. ఫోన్ల రాణివి, నీకు నేను ఫోను గురించి చెప్పాలా?

ఇక్కడ గాలి మనుషుల్ని కూడా కొలిచేస్తోంది. రోజుకు ఎనిమిదిసార్లు వాన, గాలి, చలి చూసి పుస్తకంలో ఎక్కించాలి. చెయ్యి గడ్డకట్టి నా అంకెలు చీమలు పాకినట్టుంటాయని పెద్దసారు రోజూ తలంటుతున్నారు.

పిచ్చుక


మేడ మీది గది,
జూన్ 16

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే చేశాను. డ్యూటీ పుస్తకంలో రాసినట్టే రాస్తున్నాను, నాకు ఇంకో రకంగా రాయడం రాదు.

9.58 కుర్చీలో కూర్చున్నాను. కళ్ళజోడు తుడిచాను.
10.02 ముక్క పెట్టాను, ముందు వైపు పై రంధ్రంలో.
10.03 దీపం వెలగలేదు. ముగింపు.
10.05 ఐదు అక్షరాలు కొట్టాను. ఎస్ బదులు డి పడింది. చెరిపి మళ్ళీ కొట్టాను.
10.06 నాలుగు వరసలు వచ్చాయి.

ఆ నాలుగు వరసలూ వెనక పేజీలో అక్షరం అక్షరం దింపాను. ఒకటి కీబోర్డు, ఒకటి మౌసు, మిగతా రెండూ కంప్యూటరు సొంత సామాను అని నాకు అర్థమైంది. ముక్క లాంటిది ఏదీ లేదు. కింది రంధ్రంలో ఒకసారి, వెనక వైపు రెండు రంధ్రాల్లో రెండుసార్లు ఇదంతా మళ్ళీ చేశాను. నాలుగుసార్లూ అవే నాలుగు వరసలు. నాలుగు పట్టీలూ జతచేశాను, సరిచూసుకో.

ఫోను సంగతి వదిలెయ్. రాతలో ఉన్న స్పష్టత మాటలో ఉండదు.

అంకెలు రాసేముందు చేతుల్ని చంకల్లో పెట్టుకుని ఇరవై లెక్కపెట్టు. శీతాకాలం ఉదయం డ్యూటీల్లో మేం అలాగే చేసేవాళ్ళం.

నీ అత్త


కొండ మీది వాతావరణ కేంద్రం,
జూన్ 23

అత్తా,

ముందు నీ పట్టీల గురించి చెప్పాలి. పెద్దసారు నా భుజం మీదుగా చూసి, ఉత్తరం లాక్కుని, నిలబడే చదివారు. "ఎవరీవిడ?" అన్నారు. మా అత్త అన్నాను. "పొరపాటున పడిన అక్షరం కూడా రాసింది చూశారా? కొలత తీసుకోవడమంటే ఇదీ!" అని నీ పట్టీ తీసుకెళ్ళి వానకొలత పుస్తకం పైన గోడకు అంటించారు. ఇప్పుడు మేం నలుగురం నిన్ను చూసి అంకెలు రాస్తున్నాం. చంకల్లో చేతుల చిట్కా కూడా కేంద్రమంతా పాకింది.

ఇక చేదు కబురు. నాలుగు రంధ్రాల్లోనూ హాజరు పలకలేదంటే ముక్క చచ్చిపోయినట్టే. తప్పు నాది. పెట్టె మీద "అన్ని కంప్యూటర్లకూ పనిచేయును" అని ఉంటే, చూడకుండా కొనేశాను. షాపులో వేరే రకం దొరికితే తీసుకో. దొరక్కపోతే అతను చెప్పినట్టే లైనక్సు తీయించెయ్. నాకేమీ కష్టంగా ఉండదు. నీ పరీక్ష ముఖ్యం.

కానీ ఒకటి అడుగుతాను. పోయిన రెండు ఆదివారాలూ నాలుగు నుంచి ఐదు దాకా ఫోను పక్కనే కూర్చున్నాను. మిగతావాళ్ళు టీ తాగడానికి వెళ్ళినా నేను కదల్లేదు. నువ్వు చేయలేదు. రాతలో స్పష్టత ఉంటుందన్నావు, బాగానే ఉంది. ఏడాదిగా నువ్వు నాకు ఒక్కసారి కూడా ఫోను చేయలేదని నీకు తెలుసా? నా మీద కోపముంటే ఆ మాట కూడా స్పష్టంగా రాసెయ్, అత్తా.

పిచ్చుక

మరిచాను: నీ పట్టీలో 10.03 దగ్గర "ముగింపు" అని ఉంది, అదేమిటని పెద్దసారు అడగమన్నారు. మాకెవరికీ తెలియలేదు.


మేడ మీది గది,
జూన్ 29

నా పిచ్చుకా,

ముందు మీ పెద్దసారుకు జవాబు. ముగింపు అంటే తీగ తీసేయడం, ఇంకేముంది? బోర్డు మీద దీపం ఆరిందా, ఆ తీగ రంధ్రంలో ఒక్క క్షణం కూడా ఉండకూడదు. ఉంటే తరవాతి మనిషికి లైను దొరకదు. ఆసుపత్రిలో ఆ తరవాతి మనిషి ఎవరో మనకు తెలియదు కదా. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను చచ్చిన తీగ ఒక్కటి వదల్లేదు. అందుకే ముక్క పెట్టాను, దీపం చూశాను, వెలగలేదు, తీసి డబ్బాలో పెట్టాను, ఆ తరవాత నీ ఐదు అక్షరాలు

వాక్యం మధ్యలో లేచి వెళ్ళాను. పదిహేను నిమిషాల తరవాత రాస్తున్నాను.

ఒసేయ్! ఐదు వరసలు! ముక్కను దాని చోటే ఉంచి కొట్టాను. ఐదు వరసలొచ్చాయి! ఇన్నాళ్ళూ మనిషిని బయటికి పంపించి హాజరు పిలుస్తున్నాను. వీధి వీధంతా వినబడేలా నవ్వాను. చచ్చిందనుకున్నది నిక్షేపంలా ఉంది. నీ కొనుగోలులో తప్పు లేదు, నా చేతి అలవాటులో ఉంది. ఐదో వరస వెనక పేజీలో ఉంది. చివర "డిస్కు" అని రాసి ఉంది. వైఫై గుర్తు మాత్రం ఇంకా పరికరం లేదనే అంటోంది. ఇది డిస్కెలా అవుతుందో నువ్వే చెప్పాలి.

ఇప్పుడు రెండోది. నువ్వు ఫోను పక్కన గంటసేపు కూర్చున్నావని చదివాక దాచడం పాపమనిపించింది.

నాకు వినబడడం లేదే. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం. మొదట సన్న గొంతులు పోయాయి, తరవాత ఫోనులో మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి పట్టేస్తాను, అందుకే నువ్వొచ్చి కంప్యూటరు బిగించిన రెండు రోజులూ నీకు తెలియలేదు. ఫోనులో పెదవులు కనబడవు కదా. పోయినేడు ఒకరోజు నువ్వు ఫోను చేసి ఏదో చెప్పి నవ్వావు. నవ్వు వినబడింది, చెప్పింది వినబడలేదు. తెలిసిపోతుందని నేనూ నవ్వాను. ఏం చెప్పావో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊపిరి వినబడితే చాలు, ఏ వార్డు నర్సో చెప్పేదని నా గురించి గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఐదో నంబరు చెవి ఇలా అయిందని నీకు చెప్పడానికి సిగ్గేసింది. విచిత్రమేమిటంటే ముక్కూమొహం తెలియని ఆ సలహా కేంద్రం వాళ్ళకు దరఖాస్తులోనే రాసేశాను. "ఇక్కడ చెవితో పనిలేదు, మీ ప్రశ్నలతోనే పని" అని జవాబిచ్చారు. ఆ ఒక్క వాక్యం చదివాకే నాకు ఈ సీటు కావాలనిపించింది.

కోపం ఎందుకే నీ మీద, పిచ్చి మొహమా.

నీ అత్త


కొండ మీది వాతావరణ కేంద్రం,
జూలై 6

అత్తా,

పని ముందు, ఏడుపు తరవాత.

నీ ఐదో వరస చూడగానే లేచి గంతేశాను. ముక్క బతికే ఉంది, పైగా ఆరోగ్యంగా ఉంది. ఇలాంటి కొన్ని ముక్కలు రెండు వేషాలు వేస్తాయి. ఇతర కంప్యూటర్లకు కావలసిన సామాను ఒక డిస్కులా పొట్టలో పెట్టుకుని వస్తాయి. తగిలించగానే ముందు "నేను డిస్కును" అంటాయి. మన కంప్యూటరుకు ఆ సామానుతో పనిలేదు. "నీ సంచీ చూశాం, లోపల పెట్టెయ్" అని చెబితే అప్పుడు డిస్కు వేషం తీసేసి వైఫై అవుతుంది. తెర మీద డిస్కు బొమ్మ ఉంటుంది చూడు, దాని పక్కన చిన్న త్రికోణం, కింద ఒక గీత. అది నొక్కు. అంతే. తీసి మళ్ళీ పెడితే మాత్రం మళ్ళీ డిస్కునంటుంది, మళ్ళీ నొక్కాలి.

ఈ ఉత్తరం పదిహేనులోగా నీకు చేరాలి. పెద్దసారు సంగతి విని, బుధవారం దాకా ఆగకుండా జీపును ఇవాళే పంపుతున్నారు. కానీ వానలకు కింది దారి కోసుకుపోయిందంటున్నారు. డ్రైవరు చేతులు పట్టుకుని చెప్పాను.

పెద్దసారు నీ ముగింపు వివరం చదివి గోడ మీది పట్టీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివారు. "ఆవిడ పట్టీలో తప్పేమీ లేదయ్యా. ఆవిడ రాసింది మనకు చదవడం రాలేదు" అన్నారు. నాకు చెంపదెబ్బలా తగిలింది. నువ్వు ప్రతి నిమిషమూ రాశావు. నాలుగు పట్టీల్లోనూ నాలుగుసార్లు ముగింపు అని రాశావు. నేను దాని మీదుగా దూకేసి, ముక్క చచ్చిందని తేల్చేశాను. నీ చెవి విషయంలోనూ అదే చేశాను కదా? ఏడాదిగా ఫోను లేదు, ఉత్తరాలు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి. నాకు అర్థం కావద్దూ?

ఆ రోజు ఫోనులో నేనేం చెప్పానో చెబుతాను. కొండ మీద ఉద్యోగం వచ్చింది, రెండేళ్ళు రాలేను, నువ్వు వద్దంటే మానేస్తానత్తా అన్నాను. భయమేసి నవ్వాను. నువ్వూ నవ్వావు. నేను లేకపోయినా నీకేమీ లోటు లేదనుకున్నాను. అది మనసులో పెట్టుకునే కంప్యూటరు బిగించిన రెండు రోజులూ ముభావంగా ఉన్నాను. ఇన్నాళ్ళూ నీ నవ్వును తప్పు చదివాను.

అమ్మ పోయాక నాకు రాయడం నేర్పింది నువ్వే. ఇప్పుడు అరవై మూడేళ్ళకు, చెవులు మొరాయిస్తుంటే, కొత్త బోర్డు ముందు కూర్చుంటానంటున్నావు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళకే చలేస్తోందని ఈ కొండ దిగిపోదామనుకున్నాను. రాజీనామా రాసి పరుపు కింద దాచాను. ఇవాళ దాన్ని పొయ్యిలో వేశాను. నీకు తెలియకుండా నువ్వు చేసిన పనుల్లో ఇదొకటి.

పదిహేనో తేదీ పది గంటలకు ఇక్కడ గాలి కొలిచే వేళ. కొలుస్తూ నీ గురించే అనుకుంటూ ఉంటాను.

నీ పిచ్చుక


మేడ మీది గది,
జూలై 15

పిచ్చుకా,

నీ ఆరో తేదీ ఉత్తరం ఇవాళ పన్నెండు గంటలకు వచ్చింది. తడిసి, ఎండి, కవరు అప్పడంలా ఉంది. ఆసరికి పరీక్ష అయిపోయి గంట.

కంగారుపడకు, వరసగా చెబుతాను.

తొమ్మిదో తేదీ దాకా నీ జవాబు కోసం చూశాను. రాలేదు. షాపులో ఇంకో రకం దొరకలేదు, జాడీ నిండా ఇదే రకం ఉంది. లైనక్సు తీసేయిద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. అప్పుడు ముక్కను దాని చోట పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తెర అంచున డిస్కు బొమ్మ ఒకటి వచ్చింది. ఇన్నాళ్ళూ అది రాకముందే ముక్కను పీకేస్తున్నానన్నమాట! బోర్డు మీద ఒక్కోసారి ఎవరో అక్కరలేనివాళ్ళు లైను పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళను మర్యాదగా వదిలిస్తేనే రావలసిన ఫోను వస్తుంది. ఈ డిస్కు కూడా లైను పట్టుకుని కూర్చుందేమో అనిపించింది. పక్కన త్రికోణం ఉంది. నొక్కాను. డిస్కు పోయింది. ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఏమీ లేదు. తరవాత ముక్క మీద నీలం దీపం వెలిగింది.

ఎనిమిదేళ్ళ తరవాత నా ముందు ఒక దీపం వెలిగిందే. చెప్పలేను.

ఆ సంతోషంలో నా ఎడమ చెయ్యి ఏం చేసిందనుకున్నావు? పీకేసింది! దీపం చూశాను కదా, పని అయిపోయిందనుకుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ డిస్కు, మళ్ళీ త్రికోణం, మళ్ళీ దీపం. పళ్ళడాక్టరుగారి పాస్‌వర్డు కొట్టాను. ఇంటర్నెట్టు వచ్చింది. ఇవాళ ఉదయం దాకా రోజుకు రెండుసార్లు సాధన చేశాను, ముక్కతో కాదు, ఎడమ చేత్తో. చివరికి దానికో ఉద్యోగం ఇచ్చాను. పరీక్ష జరిగినంతసేపు కాగితం కదలకుండా నొక్కిపెట్టుకుని ఉండాలని చెప్పాను.

నువ్వు వెళ్ళొద్దనేదాన్ని కాదు. ఆ రోజు వినబడి ఉంటే వెళ్ళమనే చెప్పేదాన్ని. కానీ నవ్వేదాన్ని కాదు. నువ్వు లేకపోతే నాకు చాలా లోటే, పిచ్చుకా. ఇది ఫోనులో చెప్పలేను, చెప్పినా నీ జవాబు వినలేను, అందుకని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. రాజీనామా పొయ్యిలో వేశావు, మంచి పని చేశావు. మీ పెద్దసారుకు నా నమస్కారాలు. ఒక పాత ఆపరేటరు రాసిన ఒక్క మాట దగ్గర ఆగి ఇదేమిటని అడిగిన మనిషి ఆయనొక్కరే. నువ్వు మాత్రం తక్కువదానివా? చలికి గడ్డకట్టిన చేతులతో, కొండ మీద కూర్చుని, కంటితో చూడని ముక్క కడుపులో ఏముందో చెప్పావు. షాపతనికి చేతిలో పెట్టినా తెలియలేదు. నీ ఉత్తరం చదువుతుంటే నేను తడుముకుంటూ చేసినదంతా ఎందుకు జరిగిందో తెలిసింది. నువ్వు బిగించిన కంప్యూటరు గంటలో ఒక్కసారి కూడా తొట్రుపడలేదు.

ఇవాళ్టి పట్టీ. గోడకు అంటిస్తారో లేదో మీ ఇష్టం.

9.30 ముక్క పెట్టాను. డిస్కు వదిలించాను. దీపం వెలిగింది.
10.00 లైన్లో ఉన్నాను. అవతల సూపర్వైజరు "ఉన్నారా?" అని రాసింది. "ఉన్నాను" అని రాశాను.
10.04 మొదటి ప్రశ్న. తండ్రి ఒకే మాత్ర రెండుసార్లు వేసుకున్నాడని కూతురు రాసినట్టు. ఏ మాత్ర, ఎన్నింటికి, ఇప్పుడు మెలకువగా ఉన్నాడా అని అడిగాను. డాక్టరుకు కలిపాను.
10.41 మెసేజి మధ్యలో చెయ్యి ముక్క దగ్గరికి వెళ్ళింది. వెనక్కి పిలిచాను.
10.58 పదకొండు మెసేజిలు. ఒక్కటీ తెగలేదు.
11.00 "సోమవారం నుంచి రండి. మీకు ఏ సీటు నంబరు ఇమ్మంటారు?" అని అడిగింది. ఐదు అని రాశాను.
11.03 దీపం వెలుగుతోంది. ముక్క దాని చోటే ఉంది. తీయలేదు.

నీ అత్త